ఫోన్‌లో వినిపించని తీగ

బాలిక్చి బస్ స్టేషన్‌లో మైకు ముందు కూర్చునే జూరకాన్ అక్కది బాగా లోతైన గొంతు. కొత్త ప్రయాణికులు టికెట్ కిటికీలోంచి తొంగిచూసి, ఆ గొంతు తాలూకు మగమనిషి ఎక్కడున్నాడా అని వెతుక్కుంటారు. "కరకోల్ బండి మూడో నంబరు దగ్గర. ఎక్కేవాళ్లు ఎక్కండి, వీడ్కోలు చెప్పేవాళ్లు చెప్పండి, తలుపు పట్టుకుని వేలాడకండి" అని ఆమె అంటే, ఊరంతా వీచే గాలి కూడా కాసేపు ఆగినట్టుంటుంది. వారమంతా ఆ మైకు, శని ఆదివారాలు విందుల్లో బేస్ గిటార్. యాభై ఎనిమిదేళ్లొచ్చినా ఆమె జీవితం ఈ రెండింటి మధ్యే తిరుగుతోంది.

మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకే గోడ. రెండేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో నేనూ జజ్‌గుల్‌ ఇద్దరం ఇటువైపు వాటాలోకి దిగాం. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. మా సెజిమ్ పుట్టాక, సాయంత్రం పూట గోడ అవతల్నించి వచ్చే ఆ గిటార్ మోతను ఫోన్‌తో కొలిచాను. యాభై ఎనిమిది డెసిబెల్స్. పసిపిల్ల చెవికి అది ఎంతవరకు మంచిదో తెలియక, కొలతలు రాసిన కాగితం పట్టుకుని వాళ్ల తలుపు కొట్టాను. అక్క కాగితం చదివింది, నా ముఖం చూసింది.

"పిల్ల ఏడుస్తోందా?"

"లేదక్కా. పడుకుంది."

"మరి ఎవరికి నిద్ర పట్టట్లేదు?"

"నాకు."

"అయితే లోపలికి రా, టీ తాగు. పిల్లకి లేని రోగం నువ్వు తెచ్చుకోకు."

మా స్నేహం అలా మొదలైంది. తర్వాత నెమ్మదిగా ఆమె కథంతా తెలిసింది.

అక్క తండ్రి కిడిరాలి తాతకు ఎనభై నాలుగేళ్లు. కోముజ్ వాయించడంలో ఈ సరస్సు తీరమంతా పేరున్న మనిషి. కూతురికి ఏడో ఏటి నుంచి పదేళ్లపాటు ఆ మూడు తీగల వాద్యమే నేర్పించాడు. తన తర్వాత అది ఆమె చేతికే వెళ్తుందని పదిమందికీ చెప్పుకున్నాడు. పదిహేడో ఏట ఆమె చేపల డబ్బాల కర్మాగారంలో పనికి చేరింది. అక్కడ కార్మికుల వాద్యబృందం ఉండేది. బేస్ గిటార్ వాయించే అతను సైన్యానికి వెళ్లిపోతే, దాన్ని ముట్టుకునే నాథుడు లేకపోయాడు. అందులో పాట వాయించడానికి ఏమీ ఉండదనీ, వెనక నిలబడి దుంగలా కొట్టుకోవడమేననీ అందరి ఫిర్యాదు. జూరకాన్ ముందుకొచ్చి, "మా ఇంట్లో దానికి మూడు తీగలు, దీనికి నాలుగు. ఒక్కటేగా ఎక్కువ" అందట.

ఆ ఒక్కటీ తండ్రి గుండెలో గుచ్చుకుంది. ఆయన ఆ వాద్యానికి ట్రాక్టర్ అని పేరు పెట్టాడు. కర్మాగారం మూతపడ్డ రోజు అందరూ చేపల డబ్బాలు మోసుకుపోతుంటే, ఆమె ఆ ఎర్ర గిటార్‌ని భుజాన వేసుకుని ఇంటికొచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి, "ట్రాక్టర్ వచ్చింది, పక్కకి తప్పుకోండి" అన్నాడట. తల్లి పోయాక తండ్రీకూతుళ్లిద్దరే మిగిలారు. ఒకే బల్ల దగ్గర తిన్నారు, ఒకరి జ్వరం ఒకరు చూసుకున్నారు, పందేలు కట్టుకుని పేకాట కూడా ఆడారు. కానీ నలభై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ కలిసి వాయించలేదు.

మొన్న ఏప్రిల్‌లో నేను ఆయన్ని పిలవడానికి వెళ్లేనాటికి ఈ నలభై ఒకటి సంగతి నాకు తెలియదు. సెజిమ్ ఐదు అడుగులు వేసింది. నేను తేదీతో సహా రాసుకున్నాను. అడుగులు పడ్డాయంటే ఇక వేడుక చేయాలి. పిల్ల కాళ్లకు నలుపు తెలుపు కలిపి పేనిన దారం కట్టడం, ఊరి పిల్లలు పరుగెత్తుకొచ్చి దాన్ని కత్తిరించడం, ఆ తర్వాత విందు, పాట. రెండు వారాల తర్వాతి ఆదివారం అనుకున్నాం. పిల్లనెత్తుకుని తాత గదికి వెళ్తే, అది ముందు ఆయన గడ్డం పట్టుకుంది.

"ఏం మాస్టారూ, పిల్లకి నడక వచ్చిందని చెప్పడానికొచ్చావా, నా గడ్డం పీకించడానికొచ్చావా?"

"వేడుకలో మీరు కోముజ్ వాయించాలి తాతా."

"వాయిస్తా. ఇంకా ఎవరెవరున్నారు?"

"జూరకాన్ అక్క వాళ్ల బృందం."

ఆయన సెజిమ్ వేళ్లను ఒక్కొక్కటిగా గడ్డంలోంచి విడిపించాడు. ఐదో వేలు విడిపించాక అన్నాడు.

"సరే. దాంతోనే కూర్చుంటా. ఒక్క పాట. నా తీగ నాకు వినిపిస్తే రెండోది. వినిపించకపోతే పాట మధ్యలోనే లేచి ఇంటికొచ్చేస్తా. పదిమంది ముందు లేస్తా. ఆ సంగతి కూడా దానికి చెప్పు."

అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను మాట ప్రకారం అంతా చెప్పాను.

"ఎవరితో కూర్చుంటానన్నాడు?"

"మీతో."

"నాతోనా, బృందంతోనా? సరిగ్గా చెప్పు తిలెక్."

"'దాంతోనే' అన్నారు."

చేతిలో ఉన్న దుప్పటి మట్టిలో పడిపోయినా ఆమె చూసుకోలేదు. మెట్టు మీద కూర్చుని, నలభై ఒకటి అని అప్పుడే చెప్పింది. తర్వాత లేచి దుప్పటి దులిపి, "ఈ తీగలతో అయితే మొదటి చరణంలోనే లేచిపోతాడు" అంది.

తీగల గొడవ అంతకుముందు నెలలోనే మొదలైంది. పదకొండేళ్లుగా వాడుతున్న పాత తీగల్లో లావుది ఒక విందులో తెగిపోయింది. వాటి స్థానంలో వేసిన కొత్తవి తళతళా మెరుస్తున్నాయి. లోపల ఉక్కు తీగ ఉంటుంది, దాని మీద గుండ్రటి సన్నతీగ దగ్గరదగ్గరగా చుట్టి ఉంటుంది. వేలితో నిమిరితే ఆకురాయిలా గరగరమంటుంది. మీటితే గంట కొట్టినట్టు ఖంగుమంటుంది. ఏ తీగా ఒక్క స్వరమే పలకదు. అడుగున అసలు స్వరం ఉంటుంది, దాని మీద రెట్టింపు వేగంతో ఒకటి, మూడింతల వేగంతో ఇంకొకటి, అలా పొరలు పొరలుగా ఉంటాయి. ఆ పైపొరలు బలంగా ఉంటే మెరుపు, అణిగితే వెచ్చదనం. కోముజ్ పలికేది సరిగ్గా ఆ పైపొరలున్న చోటే. ఉక్కు ఖంగుమంటే పాపం కోముజ్ అక్కడ మునిగిపోతుంది. ఇదంతా నేను పలకమీద బొమ్మ గీసి అక్కకు చెప్పాను.

"చప్పుడు తగ్గించుకుంటే సరిపోదా?" అని అడిగాను.

"తగ్గిస్తే అడుగు కూడా పోతుందయ్యా. మనిషి మాట్లాడుతుంటే తలుపు వేసేసినట్టు ఉంటుంది. నాకు తలుపు తీసే ఉండాలి, లోపలివాళ్లు మెల్లగా మాట్లాడాలి."

అప్పుడే నాకు ఆ గొప్ప ఆలోచన వచ్చింది. తాత కోముజ్‌కి కట్టేది గాలం దారం. ఈ ఊళ్లో చేపలకూ పాటలకూ ఒకటే దుకాణం. అంత మెత్తగా పలికే నైలాన్‌నే బేస్ గిటార్‌కీ కడితే? గాలం దారం లావు చాలదు కానీ, గడ్డి కోసే యంత్రానికి వేసే నైలాన్ తాడు మూడు మిల్లీమీటర్ల దాకా దొరుకుతుంది. బరువు, పొడవు, కంపనాల సంఖ్య, బిగింపు అన్నీ లెక్కవేశాను. లెక్క అందంగా సరిపోయింది. రెండుసార్లు సరిచూశాను కూడా.

బుధవారం సాయంత్రం అక్క వంటింటి బల్ల మీద గిటార్ పడుకోబెట్టి, ఇద్దరం నాలుగు తాళ్లు బిగించాం. బిరడాల్లో తాడు నిలవకపోతే ఆమె జాలరుల ముడి వేసింది. శ్రుతి చేసి బొటనవేలితో మీటింది. గిటార్ చెక్కలోంచి చిన్నగా, గుండ్రంగా, నిజంగానే కోముజ్ వాళ్ల పెద్దన్నయ్యలా ఒక స్వరం వచ్చింది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"మాస్టారూ, నీ చదువు ఊరికే పోలేదు" అంది.

స్పీకర్ పెట్టెకు వైరు కలిపి మీటింది. ఏమీ రాలేదు. గుబ్బ తిప్పింది, రాలేదు. వైరు మార్చింది, రాలేదు. పెట్టెను కాలితో ఒక్కటి తన్నింది. పెట్టె నొచ్చుకున్నట్టు బుస్సుమంది తప్ప తీగల చప్పుడు లేదు. నేను వంగి గిటార్ మీద తీగల కింద ఉన్న నల్లటి దిమ్మెను చూశాను. చూస్తుండగానే చెవులు వేడెక్కాయి. అది అయస్కాంతం. దాని చుట్టూ రాగి తీగ చుట్టి ఉంటుంది. పైన ఇనుము కదిలితేనే అందులో విద్యుత్తు పుడుతుంది. తొమ్మిదో తరగతికి ఏటా నవంబరులో నేనే ఆడించి చూపిస్తాను. నైలాన్ వెయ్యేళ్లు కదిలినా దానికి పట్టదు.

నేను గొణుగుతూ చెప్పాను. అక్క బల్ల మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇలాంటి పొరపాటుకి నీ పిల్లలకి ఎన్ని మార్కులు కోస్తావు?"

"మొత్తం కోస్తానక్కా."

పక్కగదిలోంచి తాత గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఇన్నేళ్లలో ఇదే బ్రహ్మాండంగా వాయించావు! ఆదివారం కూడా ఇలాగే కానివ్వు!"

ఆమె నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అంది. "విన్నావా? ఆయన నవ్వుతాడు, నన్నూ నవ్విస్తాడు. కానీ లేస్తానంటే లేస్తాడు తిలెక్. మా పెద్దనాన్న విందులో ఒకసారి లేచాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు."

ఇక వారం పది రోజులే ఉంది. రాజధాని బిష్కెక్ నుంచి మందులైనా, పెళ్లి బట్టలైనా, కళ్లద్దాలైనా మాకు బస్సు డ్రైవర్ల చేతుల మీదుగానే వస్తాయి. డ్రైవర్లందరూ అక్క గొంతుకు లోబడి బతికేవాళ్లు కాబట్టి, వాళ్లలో నెమ్మదస్తుడైన తాలాయ్‌ని ఆమె సంగీత వాద్యాల దుకాణానికి పంపింది. శుక్రవారం మధ్యాహ్నం, సెజిమ్‌కి టీకా వేయించి, జ్వరం వస్తుందేమోనని పదినిమిషాలకోసారి నుదురు ముట్టుకుంటూ నేను బస్ స్టేషన్ మీదుగా వస్తున్నాను. కిటికీలోంచి అక్క పిలిచింది. ఆమె చేతిలో ఫోను, అందులో తాలాయ్.

"అక్కా, ఇక్కడ గోడ నిండా తీగలే. ఏదని చెప్పను?"

"వెచ్చగా పలికేవి కావాలని అడుగు."

"అడిగాను. మూడు చూపిస్తున్నాడు. ఒకటి గుండ్రటి చుట్టుడిది. ఒకటి అదే, పైన అరగదీసింది. ఇంకోటి రిబ్బన్‌లా చదునుగా చుట్టింది, వేలితో రాస్తే అద్దంలా ఉంది. నల్లది కూడా ఒకటుందట, పైన నైలాన్ తొడుగు..."

"నైలాన్ మాట నా దగ్గర ఎత్తకు. ఆ మూడూ కట్టి ఉన్న గిటార్లు వాయించమను. నేను వింటా."

ఫోన్ మోత చాలదని ఆమె దాన్ని మైకు దగ్గర పెట్టింది. స్టేషన్‌లోని నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచీ బిష్కెక్ దుకాణం చప్పుళ్లు బయటికొచ్చాయి. నేను ఉండబట్టలేక అన్నాను.

"అక్కా, ఇది పద్ధతి కాదు. ఫోన్‌లో మంద్రస్వరం రాదు. మీ లావు తీగ సెకనుకి నలభై సార్లు కదులుతుంది. ఫోన్‌కి మూడొందలు దాటితేగానీ సరిగా పట్టదు. ఈ లౌడ్‌స్పీకర్లకి అదీ లేదు. అసలు స్వరం ఒక్కటి కూడా మీకు వినబడదు."

"అసలు రాదా?"

"రాదు."

"మరి వచ్చేదంతా?"

"పైపొరలే."

అక్క కళ్లు చిన్నవయ్యాయి. బస్సు ఆలస్యమైతే డ్రైవర్ల మీద పెట్టే చూపు అది. "అంటే నాకు వద్దన్నది మాత్రమే ఫోన్‌లో వస్తుందన్నమాట" అంది.

ఆమె అప్పటికే మైకులో చెబుతోంది.

"తాలాయ్, మూడూ ఒకే పెట్టెకి కలపమను. గుబ్బలు ముట్టుకోవద్దను. ఒకే బలంతో కొట్టమను. నువ్వు ఫోన్ ఒకే చోట పట్టుకో, కదిలావంటే సోమవారం నీ బండి చివర్న పంపిస్తా. ప్రయాణికులకు మనవి, కొంచెం నిశ్శబ్దం."

మొదటిది ఖంగుమంది. కరకోల్ బండి మీద కూర్చున్న పావురాలు లేచాయి. రెండోది కాస్త మెత్తగా టంగుమంది. ఎండు ఆప్రికాట్ బుట్టలు పెట్టుకున్న ఒక ముసలమ్మ, "ఇది బాగుంది, ఇదే తీసుకో" అంది. ఎవరో సైనికుడు, "మొదటిదే బాగుందవ్వా, దమ్ముంది" అన్నాడు. ఇద్దరూ వాదనలోకి దిగారు.

"మూడోది కొట్టమను."

"కొట్టాడక్కా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇదుగో మళ్లీ కొడుతున్నాడు. ఇక్కడ నా కాళ్ల కింద నేల అదురుతోంది. అక్కడ రావట్లేదా?"

లౌడ్‌స్పీకర్లో ఎవరో దిండు మీద తట్టినట్టు చిన్న తప్‌మనే శబ్దం, అంతే.

"అదే తీసుకురా!" అని జూరకాన్ అక్క మైకులో అరిచింది. స్టేషన్ మొత్తం ఉలిక్కిపడింది. ముసలమ్మ నా వైపు జాలిగా చూసి, "పాపం, మనిషికి చెవులు పోయినట్టున్నాయి. వినపడనిది కొంటోంది" అంది. నేను మాత్రం ఆ పరీక్ష తీరుకు మనసులోనే పూర్తి మార్కులు వేశాను.

చదును తీగలు సాయంత్రం బండిలో వచ్చాయి. అవి పాతవాటికన్నా గట్టిగా లాగుతాయి. బిగించగానే గిటార్ మెడ కాస్త ముందుకు వంగి, తీగలు వేళ్లు నొక్కే మెట్ల మీంచి పైకి లేచాయి. అక్క మెడ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీని రెంచితో పావు చుట్టు తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున్న మళ్లీ పావు చుట్టు తిప్పింది. వేళ్లకు పట్టు మారింది. కిర్రుమనే రాపిడి పోయింది. అయినా ఆమెకు తృప్తి లేదు. "ఇంకా కొత్త చెప్పుల్లా ఉన్నాయి" అంది.

ఆ వారమంతా ఆమె చేసిన పని చూసి నాకు మతిపోయింది. మాంసం, నూడుల్స్ కలిపి చేత్తో తినడం, వేళ్లు కడగకుండా, తుడవకుండా గిటార్ ఎత్తుకోవడం.

"అక్కా, ఎన్ని సూక్ష్మజీవులు..."

"ఉండనీ. గొర్రెకొవ్వు చుట్ల సందుల్లోకి దిగాలి. పాతవాటికి పదకొండేళ్లు పట్టింది. వీటికి ఐదు రోజులే టైముంది. అందుకే మూడు పూటలా తింటున్నా."

కొవ్వు పట్టిన తీగ పైపొరలను మింగేస్తుందన్నది శాస్త్రరీత్యా కూడా సరైనదే. కానీ ఆ వారం మా సెజిమ్‌ని ఆమె ఎత్తుకున్నప్పుడల్లా నేను తడిగుడ్డతో వెంటపడ్డాను.

ఆదివారం గాలి కొంచెం కనికరించింది. పెరట్లో తివాచీలు పరిచాం. సెజిమ్ కాళ్లకు దారం కట్టారు. అది నిలబడి, పడి, నా గుండె ఆపి, మళ్లీ నిలబడింది. పిల్లలు వీధి చివర్నుంచి పరుగెత్తుకొచ్చారు, గెలిచిన పిల్ల దారం కత్తిరించింది. సెజిమ్ తొమ్మిది అడుగులు వేసి ఒక పళ్లెంలో కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత తాత కోముజ్ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నాలుగడుగుల దూరంలో కూతురు. ఆయన ఆమె వైపు చూడలేదు. ఆమె ఆయన వేళ్లనే చూస్తోంది. కోముజ్ ముందు ఒంటరిగా మొదలైంది, గుర్రం నీళ్లు తాగి తల విదిలించినట్టుండే ఒక పాత వరుస. రెండో ఆవృత్తిలో బేస్ చేరింది. చేరిందని నాకు చెవులకన్నా ముందు పాదాలకు తెలిసింది. కోముజ్ పలుకులో ఒక్క గీటు కూడా చెరగలేదు. దాని కింద ఎవరో వెచ్చటి నేల పరిచినట్టుంది. జజ్‌గుల్ నా చెయ్యి పట్టుకుంది.

మూడో ఆవృత్తి మధ్యలో తాత ఆగిపోయాడు. స్టూలు మీంచి లేచాడు.

అక్క వేళ్లు తీగల మీదే ఉన్నాయి, కానీ కదలట్లేదు. ఆమె ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. "నాన్నా, వినిపించట్లేదా?" అంది మెల్లగా.

"నాది నాకు వినిపిస్తోంది" అన్నాడాయన. "నీదే వినిపించట్లేదు. ఎడమ చెవి పోయి మూడేళ్లయింది, ఇంట్లో ఎవరైనా పట్టించుకున్నారా?"

ఒక చేత్తో కోముజ్, ఇంకో చేత్తో స్టూలు ఎత్తుకుని, నాలుగడుగులు నడిచి, స్టూలుని స్పీకర్ పెట్టెకు ఆనించి వేసుకుని, కుడిచెవి అటు తిప్పి కూర్చున్నాడు. "మొదట్నుంచి" అన్నాడు.

అక్క ముక్కు ఎగపీల్చి, మొదట్నుంచి మొదలుపెట్టింది. ఒక పాట అయింది. ఆయన లేవలేదు. రెండోది అయింది. మూడోదానికి ముందు ఆయన చెయ్యి చాపి, లావు తీగను బొటనవేలితో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నిమిరాడు.

"గరుకు లేదే. ఎక్కడివి?"

"బిష్కెక్‌వి."

"నాకూ మూడు తెప్పించు."

"నీదానికి కట్టకూడదు నాన్నా. ఈ బిగింపుకి మెడ విరిగిపోతుంది."

ఆయన బొటనవేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గొర్రెకొవ్వు" అన్నాడు. "మరి నాకెందుకు చెప్పలేదు? నేనూ తినేవాణ్ణిగా వారమంతా."

"ట్రాక్టర్‌కి గ్రీజు పూస్తున్నానని చెప్పాలా?"

తాత నవ్వుతూనే కోముజ్ ఒడిలో సర్దుకుని, మూడో పాట శ్రుతి అందించాడు. ఈసారి ఆమె వైపే చూస్తూ.